నీలిమందు పెట్టిన తెల్లబట్టలు

పొద్దున్నే మా కోడలు ఇరవై లీటర్ల నీళ్ల క్యానును తలకిందులు చేసి స్టాండు మీద పెడుతుంది. లోపల గాలి బుడగ ఒకటి గుడగుడమని పైకి వస్తుంది. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్లు మండుతుంది. యాభై ఏళ్లు కావస్తోంది, ఒమాన్‌లో ఎర్రటి ఎండలో దాహంతో నాలుక పిడచకట్టి నేను గ్లాసెత్తితే, పక్కన నిలబడి "అవి చచ్చిన నీళ్లు" అన్నాడొక మనిషి. తాగేవాడిని తాగనివ్వాలి కదా. ఆ మాట అప్పటి నుంచి నా గొంతులో అడ్డం పడి ఉంది. క్యాను నీళ్లు తాగుతాను గానీ రుచించవు. తాగి, ఇత్తడి చెంబు పట్టుకుని కాలువ దాకా నడుస్తాను. కాలువ నీళ్లు మంచివి కావు మామా అంటుంది కోడలు. తాగనీకి కాదమ్మా అంటే, మరి దేనికి అంటుంది. దేనికో చెప్పాలంటే ఉస్తా నయీమ్ గురించి చెప్పాలి. ఆయన గురించి నెమ్మదిగా చెప్పడం నాకు చేతకాదు. మూడో మాటకే చిరాకు పుట్టుకొస్తుంది.

డెబ్బైల నడుమ నేను జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి మస్కట్ వెళ్లాను. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు, పెళ్లయి ఒక బిడ్డ. ఊళ్లో డీజిల్ ఇంజన్లు విప్పి బిగించిన అనుభవం ఉందని ఫిట్టరుగా తీసుకున్నారు. ఇప్పుడు ఆఫీసులూ బ్యాంకులూ ఉన్న అల్ ఖువైర్‌లో అప్పుడు ఇసుకా ముళ్లచెట్లే. మా రూమ్ అక్కడొక రేకుల షెడ్డు. తోటలకు పంపుసెట్లు బిగించడం, ఆగిపోయినవాటిని బాగుచేయడం మా కంపెనీ పని. అల్ మవాలే, సీబ్ వైపు ఖర్జూరపు తోటలు మా ముగ్గురికి అప్పగించారు. పికప్ నడిపేది యూసుఫ్ భాయ్, కడప మనిషి, ఇంట్లో ఉర్దూ మాట్లాడినా తెలుగు నాకంటే గట్టిగా మాట్లాడేవాడు. ఫిట్టరును నేను. మెకానిక్ నయీమ్. ఉస్తా అంటే వాళ్ల మాటలో మేస్త్రీ. ఇరాక్‌లో అమారా అనే ఊరు ఆయనది, అప్పటికే యాభై దాటిన మనిషి. బస్రా రేవులో బొంబాయి ఖలాసీలతో పనిచేసి హిందీ నేర్చుకున్నాడు. ఆయన హిందీ, నా హిందీ రెండూ కుంటివే, కాబట్టి కుంటుకుంటూ ఇద్దరం కలిసి నడిచాం. ఆయన మాటలను ఇక్కడ నా తెలుగులోనే రాస్తున్నాను.

మొదటి రోజు డ్యూటీకి నేనూ యూసుఫ్ భాయ్ కంపెనీ ఇచ్చిన నీలం రంగు చొక్కా ప్యాంటు వేసుకుని పికప్ ఎక్కాం. ఈ పెద్దమనిషి తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటుతో వచ్చి కూర్చున్నాడు. డీజిల్ పనికి తెల్లబట్టలు. పెళ్లికి వచ్చాడా పనికి వచ్చాడా అనుకున్నాను.

"ఉస్తా, నీకు డ్రెస్ ఇయ్యలేదా?" అన్నాను.

"ఇచ్చారు. నీలం మేము కట్టం."

"మేము అంటే ఎవలు?"

"మేమే" అని కిటికీలోంచి బయటికి చూశాడు. అంతే. అడిగినదానికి సగం జవాబు చెప్పి సగం దాచుకునే అలవాటు ఆయనది. మధ్యాహ్నానికి ఆ తెలుపు నల్లబడింది. సాయంత్రం షెడ్డు వెనక కూర్చుని గంటన్నర ఉతికాడు. అది అయ్యేదాకా నాకు స్నానానికి చోటు లేదు. రోజూ ఇదే వరస. మేనేజరు రెండుసార్లు కేకలేసి ఊరుకున్నాడు. ఎందుకంటే ఆ మనిషి ఇంజను మీద అరచేయి పెట్టి, కళ్లు మూసుకుని, రోగం ఎక్కడుందో చెప్పేవాడు. విప్పిన ప్రతి నట్టునూ తుడిచి, విప్పిన వరసలోనే గుడ్డ మీద పరిచేవాడు. నేను ఒక్క వాషరును అటూ ఇటూ పెడితే మొత్తం మళ్లీ మొదటి నుంచి పరిపించేవాడు. నా బతుకులో ఏ మేస్త్రీ నన్ను అంత విసిగించలేదు. ఆ తరువాత ఇరవై ఏళ్లు నేను ఏ ఇంజను విప్పి తిరిగి బిగించినా ఒక్క నట్టు కూడా మిగలలేదంటే అది ఆయన పెట్టిన గోస వల్లే.

అందరికీ శుక్రవారం సెలవైతే ఆయనకు ఆదివారం కావాలి. అందరూ ట్యాంకరు నీళ్లు తాగితే ఆయనకు పారే నీళ్లు కావాలి. కోడి తింటాడు, కానీ మనం కోస్తే తినడు. కత్తి కడిగి, కోడిని కడిగి, ఉత్తరం దిక్కుకు తిరిగి ఏదో చదివి తానే కోయాలి. నిలబెట్టిన నీరు చచ్చిన నీరట, ఊట నుంచి తెగకుండా పారేదే బతికిన నీరట. వాళ్ల మాటలో పారే నీరంతా యర్దనా. మా పంపులు బావిలో నీటిని తోడి తొట్లలో నింపుతాయి కదా, "అయితే పొద్దంత మనం చేసేది నీళ్లను సంపుడేనా ఉస్తా?" అని అడిగాను ఒకసారి ఉక్రోషంగా. కాసేపు ఆలోచించి "అవును" అన్నాడు. మళ్లీ పానా అందుకున్నాడు. ఇలాంటి మనిషితో ఏం వాదిస్తారు?

ఆయన ఎవరో చెప్పింది యూసుఫ్ భాయ్. "మా వాడు కాడప్పా, కిరస్తానీ కూడా కాడు. సుబ్బీ అంటారు వీళ్లను. ఆ ఇరాక్ నదుల కాడ ఉండే జనం. పడవలు చేస్తారు, ఇనుము పని, వెండి పని చేస్తారు. యాహ్యా నబీని, అదే కిరస్తానీలు బాప్తిస్మం యోహాను అంటారే, ఆయన్ని పట్టుకోనుండారు. ఆ నబీ పేరు మా కితాబులో గూడా ఉండాది. వారం వారం నదిలో మునుగుతారంట." తరువాత నయీమ్‌ను అడిగితే అది బయటివాళ్లు పెట్టిన పేరనీ, తమను తాము మందాయీలం అనుకుంటామనీ చెప్పాడు. ఆ మునక తమంత తాము మునిగితే చెల్లదట, పూజారి చేయించాలట. ఒమాన్‌లో వాళ్ల పూజారి మాట దేవుడెరుగు, వాళ్ల మనిషే ఇంకొకడు లేడు. ఆయనకు ఆ మునక లేక అప్పటికి నాలుగేళ్లయింది.

అల్ మవాలేలో ఒక తోట పంపు ఉండేది, ముసలి గాడిదలాంటిది. వారానికోసారి ఆగిపోయేది. నాలుగోసారి విప్పుతూ నేను దాన్నీ, దాన్ని చేసినవాడినీ బూతులు తిడుతుంటే నయీమ్ నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు.

"ఈ లోకం కూడా ఇలాగే ఉంది" అన్నాడు. "సరైన మేస్త్రీ చేయలేదు."

ఆ రోజు తోట గట్టు మీద రొట్టె తింటూ చెప్పిన కథ నాకు అర్థమైనంత వరకు ఇది. పైన వెలుగు లోకం ఉంది, అక్కడ మహాజీవం ఉంది. ఈ భూమిని చేసింది ఆ మహాజీవం కాదు. కింది తరానికి చెందిన ప్తాహిల్ అనే ఒకడు, పని పూర్తిగా తెలియకుండానే నల్లటి నీళ్ల మీద దీన్ని మొదలుపెట్టాడు. ఆదాము ఒళ్లు కూడా వాడే చేశాడు. అది మొద్దులా పడి ఉంది, లేవదు. అప్పుడు వెలుగు లోకం నుంచి ప్రాణాన్ని తెచ్చి అందులో పెడితే లేచి నిలబడ్డాడు. అందుకే ఒళ్లు ఈ ఊరిది, ప్రాణం పై ఊరిది.

"అంటే మన మాదిరే వీసా మింద వచ్చిందనమాట" అన్నాడు యూసుఫ్ భాయ్.

"అవును. డ్యూటీ అయ్యాక తిరిగి వెళుతుంది. నలభై ఐదు రోజుల ప్రయాణం. దారి పొడుగునా కావలి ఇళ్లు ఉంటాయి. ఒక్కో చోట ఆపి అడుగుతారు."

"పైన గూడా చెక్‌పోస్టులేనా" అని యూసుఫ్ భాయ్ తల కొట్టుకున్నాడు.

నాకు మాత్రం కోపం వచ్చింది. "పని రానోడు చేసిన లోకమైతే, మనం గీ ఎండల సచ్చుకుంట బాగుచేసుడెందుకు?" అన్నాను. చేసినవాడికి పని రాదు కాబట్టే బాగుచేయాలట. పెద్ద పానా ఇటివ్వు అన్నాడు.

ఇంతటితో పోయేదే. ఆ తరువాతి ఎండాకాలం నాకు జ్వరం తగిలింది. తొమ్మిది రోజులు మంచం దిగలేదు. అన్నం వార్చి గంజి తాగించినవాడు, నుదుటి మీద తడిగుడ్డ వేసినవాడు, నా ఎంగిలి గ్లాసు కడిగినవాడు నయీమ్. ఒకరు ముట్టిన గ్లాసు ముట్టుకోని మనిషి అది చేశాడు. నేను లేచి తిరగడం మొదలుపెట్టాక ఆయన రుణం ఎట్లా తీర్చాలో తోచలేదు. ఒకరోజు ఆయన డ్యూటీలో ఉన్నాడు, నేను రూమ్‌లో ఉన్నాను. ఆయన మంచం మీద తెల్లబట్టల జత ఒకటి ఆరవేసి ఉంది. చొక్కా, పాయజామా, తలగుడ్డ, నడికట్టు. పాతబడి పసుపు తేలాయి. పాపం, ఇన్ని తెల్లబట్టలు కడతాడు గానీ తెల్లబట్ట ఉతకడం తెలియదు ఈయనకు అనుకున్నాను. సబ్బు పెట్టి ఉతికాను. మా ఇంట్లో మా అమ్మ ఎట్లా చేసేదో అట్లా, ఊరి నుంచి తెచ్చుకున్న నీలిమందు బకెట్‌లో కలిపి, ముంచి తీశాను. రోగం నుంచి లేచిన చేతి అంచనా కదా, నీలిమందు కాస్త ఎక్కువే పడింది. ఆరేసరికి అవి ఆకాశంలా మెరుస్తున్నాయి. నన్ను నేనే మెచ్చుకున్నాను.

నయీమ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. తిడతాడేమోనని చూశాను, తిట్టలేదు. బట్టలు చేతిలోకి తీసుకుని అక్కడే నేల మీద కూర్చున్నాడు. ఆ తరువాత పదకొండు రోజులు నాతో పానా, బోల్టు అనే మాటలు తప్ప మాట్లాడలేదు.

సంగతి ఏమిటో యూసుఫ్ భాయ్ కనుక్కుని వచ్చాడు. "ఏం పని చేసినావు సామీ. అవి వాళ్లమ్మ కుట్టిన బట్టలంట. మునకకు అవే, సచ్చేటప్పుడు అవే. ప్రాణం పోకముందే ఒంటి మింద ఉండాలంట. అవి లేకుంటే ఆ చెక్‌పోస్టుల కాడ పోనియ్యరంట. నువ్వు పోయి వాటికే నీలం పూసినావే."

"నాకేం తెలుసు? తెల్లబట్టకు నీలిమందు పెట్టుడు తప్పా?" అన్నాను. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. చెప్పి ఏడవాలి కదా మనిషి. పెట్టె మీద రాసి పెట్టుకోవాలి కదా.

పన్నెండో రోజు ఆదివారం. ఆయన బట్టలు మూట కట్టుకుని పికప్ ఎక్కుతుంటే, నా శుక్రవారం సెలవును ఆదివారానికి మార్పించుకుని నేనూ ఎక్కాను. వద్దనలేదు. సీబ్ దాటి కొండల వైపు వెళితే ఒక ఊరు, ఆ ఊరికి ఫలజ్ ఉంది. కొండ పాదంలో ఊట తవ్వి, ఆ నీటిని భూమి కింది సొరంగంలో దూరం నడిపించి, ఏ మిషనూ లేకుండా ఊళ్లోకి పారించే రాతి కాలువ అది. తాగే నీళ్లు ముంచుకునే చోటు దాటాక, తోటల్లోకి మళ్లే ముందు, ఉతుక్కోవడానికి ఊరివాళ్లు ఆయనకు ఒక రాయి చూపించి ఉన్నారు. ఆ రాయి మీద కూర్చుని నేను ఆ బట్టలు పారే నీళ్లలో జాడించాను. నీలం సన్నటి పొగలా నీళ్లలో కలిసి పోయేది. ఎంత జాడించినా ఇంకా వస్తూనే ఉండేది. ఆయన పక్కన నిలబడి "ఇంకా ఉంది" అనేవాడు. వచ్చే వారం మళ్లీ. ఆ పై వారం మళ్లీ. నా వేళ్లు నాని ముడతలు పడేవి. ఇంత నీలిమందు నేనెప్పుడు పోశానురా అనిపించేది.

ఆ ఆదివారాల్లోనే ఆయన తన ఊరి సంగతులు చెప్పాడు. మనం టైగ్రిస్ అనే దజ్లా నది, దాని పక్కన రెల్లు ఇళ్లు, వాళ్ల నాన్న పడవలకు తారు పూయడం, పూజారి తడి చేత్తో నుదుటి మీద నీళ్లు రాయడం. వాళ్లలో మనిషి అసలు పేరు తల్లి పేరుతో కలిపి చెబుతారట. పైన కావలి ఇళ్లలో అడిగేది కూడా ఆ పేరేనట. "నాన్న పేరు పాస్‌పోర్టుకు" అన్నాడు. నా పేరు అడిగి, మా అమ్మ పేరు అడిగాడు. గల్ఫ్‌లో అడుగుపెట్టిన నాటి నుంచి ఏ కాగితం మీదా ఎవరూ మా అమ్మ పేరు అడగలేదు. రాజవ్వ అని చెప్పాను. ఆ రోజు నుంచి నన్ను "మల్లేశం, రాజవ్వ కొడుకా" అని పిలిచేవాడు. పంపు కింద దూరి ఉన్నవాడిని అంత పొడుగు పేరుతో పిలిస్తే విసుగు రాదా. వచ్చేది. మూడు నెలలకు బట్టలు తెల్లబడ్డాయి. చొక్కా కుట్టు లోపల ఒక్క నూలుపోగంత నీలం మిగిలిపోయింది. అది మాత్రం పోలేదు.

ఆ చలికాలంలోనే ఉత్తరం వచ్చింది. అల్ మవాలే తోటలో పంపు విప్పి ఉన్నాం. యూసుఫ్ భాయ్ ఆఫీసు నుంచి తెచ్చి ఇచ్చాడు. తమ్ముడి రాత. "అన్నా, అమ్మ కాలం చేసింది. టెలిగ్రాం ఇచ్చినం, అందిందో లేదో. నువ్వు వస్తవేమోనని ఒక పూట ఆపినం. నేనే తలకొరివి పెట్టిన. దినాలన్ని మంచిగ అయినయి. నువ్వు పరేషాన్ కాకు." పెద్దకొడుకును నేను. ఆమె కట్టె కాలేటప్పుడు నేను ఇక్కడ ఎవరిదో తోటకు పైపు బిగిస్తున్నాను. దినాలు కూడా అయిపోయాక, నాకు ఏడవడం తప్ప ఏమీ మిగల్లేదు. గట్టు మీద కూలబడి ఏడ్చాను.

నయీమ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఏడవకు" అన్నాడు.

నేను వినలేదు.

"ఏడవకు. నువ్వు కార్చే కన్నీళ్లు ఆమెకు దారిలో నది అవుతాయి. దాన్ని ఆమె దాటాలి. ముసలామె."

లేచి రెండు చేతులతో ఆయన రొమ్ము మీద తోశాను. "నీ నీళ్లల్ల మన్నువడ. తల్లి సచ్చిపోతే ఏడువద్దా? నీ చెక్‌పోస్టులు, నీ కథలు నా అమ్మకెందుకు?" అని అరిచాను. ఆయన వెనక్కి రెండడుగులు పడ్డాడు. తెల్లచొక్కా మీద నా రెండు అరచేతుల నల్లటి గ్రీజు అచ్చులు పడ్డాయి. ఆయన చొక్కా వంక చూసుకోలేదు. యూసుఫ్ భాయ్ నా భుజం పట్టుకున్నాడు.

"ఏ రోజు పోయింది?" అన్నాడు నయీమ్.

అమ్మ పోయిన తారీఖు ఉత్తరంలో చూసి చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టాడు. మళ్లీ ఒకసారి లెక్కపెట్టాడు.

"ముప్పై తొమ్మిది. ఇంకా ఆరు రోజులున్నాయి. ఆమె ఇంకా దారిలోనే ఉంది."

"మా దాంట్ల దినాలైపోయినయి ఉస్తా."

"మీ లెక్కలో అయిపోయాయి. నా లెక్కలో కాలేదు. ఏ లెక్క కావాలో నువ్వే చూసుకో."

పానా సైజు అడిగినట్టు అడిగాడు. నా దుఃఖం అంతటినీ పక్కకు నెట్టి ఇలా అడిగే మనిషిని కొట్టాలనిపించింది. కానీ ఆరు రోజులున్నాయి అన్న మాట నన్ను పట్టేసింది. అమ్మ కోసం నేను ఏదైనా చేయగల రోజులు ఇంకా ఆరున్నాయని ఈ లోకంలో చెప్పినవాడు ఆయనొక్కడే. "ఏం చెయ్యాలె?" అని అడిగాను.

నలభై ఐదో రోజున పారే నీళ్ల పక్కన ఆమె పేరు చెప్పి భోజనం పెట్టాలి. దానికి పూజారి అక్కరలేదు, తెలిసిన మనిషి చాలు. అప్పటిదాకా నేను ఏడవకూడదు. ఇంకొకటి, ఆమె పేరును వాళ్లమ్మ పేరుతో కలిపి చెప్పాలి.

"రాజవ్వ, ఎవరి కూతురు?" అని అడిగాడు.

మా అమ్మమ్మ పేరు నాకు తెలియదు. నేను పుట్టకముందే పోయింది. ఇంట్లో ఎవరైనా ఆమెను తలచుకున్నా అమ్మమ్మ అనేవారు, ముసలమ్మ అనేవారు, పేరు పెట్టి ఎవరంటారు? తాత పేరు తెలుసు, ముత్తాత పేరు తెలుసు, వాళ్లు కొన్న చెలకల పేర్లు కూడా తెలుసు. ఉత్తరం రాస్తే ఆరు రోజుల్లో పోయి రాదు. పంపిన టెలిగ్రామే అందని చోట ఇంకో టెలిగ్రాం ఏం నమ్ముతాం?

ఆ ఆరు రోజులు నేను పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. ఏడుపు వస్తే నయీమ్ ఎక్కడి నుంచో ప్రత్యక్షమయ్యేవాడు, చేతిలో నీళ్ల గిన్నె, "కడుక్కో." పాయిఖానాలోకి వెళ్లి ఏడుద్దామనుకుంటే తలుపు బయట నిలబడి "రాజవ్వ కొడుకా" అని పిలిచేవాడు. పొద్దున లేవగానే "గుర్తొచ్చిందా?" పంపు విప్పుతుంటే "గుర్తొచ్చిందా?" నా చిన్నప్పటి చుట్టాలందరినీ ఒక్కొక్కరిగా తలచుకున్నాను. మేనత్తలు, పెద్దమ్మలు, పెళ్లిళ్లు, చావులు. అమ్మ నోట ఆమె పేరు ఒక్కసారైనా విన్నానా? వినలేదు. తల్లి పోయిందన్న బాధ ఒక పక్క, ఆమె తల్లి పేరైనా తెలియని కొడుకునన్న సిగ్గు ఒక పక్క.

నలభై ఐదో రోజు బుధవారం పడింది. ఆ రోజు అల్ మవాలేలో కొత్త పంపు నడిపించి చూపాలి. సెలవు లేదు, సైట్‌కు రాకపోతే ముగ్గురినీ ఊరికి పంపిస్తానన్నాడు మేనేజరు. పొద్దున పికప్ రోడ్డెక్కాక నయీమ్ "కొండల వైపు పోనీ" అన్నాడు. ఆదివారం తప్ప ఒక్క పూట కూడా డ్యూటీ మానని మనిషి. యూసుఫ్ భాయ్ నా వంక చూసి, బిస్మిల్లా అని బండి తిప్పాడు.

ఫలజ్ దగ్గర ఆయన పుల్లలు ఏరి, రేకు మీద పలచటి రొట్టెలు తానే కాల్చాడు. సీబ్ నుంచి తెచ్చిన చేప కాల్చాడు. ఉప్పు, ఉల్లిగడ్డ, ఖర్జూరాలు, దానిమ్మకాయ శుభ్రమైన గుడ్డ మీద పెట్టాడు. ఇంజను విప్పినప్పుడు నట్లు పరిచినట్టే, వరసగా. రాతి చాటుకు వెళ్లి ఆ తెల్లబట్టలు కట్టుకుని వచ్చాడు. వాటిని ఆయన ఒంటి మీద చూడటం నాకదే మొదటిసారి. ఉత్తరం వైపు తిరిగి కూర్చుని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"పేరు?" అన్నాడు.

"గుర్తొస్తలేదు ఉస్తా. నన్ను ఇడిచిపెట్టు. నాతోని కాదు."

ఆయన నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. కాలువలోంచి గిన్నె ముంచి చేతికిచ్చాడు. "తాగు, బతికిన నీళ్లు" అన్నాడు. గిన్నె పాతది, రాగిది, అంచు వెంట సుత్తి దెబ్బల గుంటలున్నాయి. తాగుతుంటే నా బొటనవేలు ఆ గుంటల మీద పడింది. నీళ్లు చల్లగా గొంతు దిగుతున్నాయి. మా ఇంట్లో ఇత్తడి చెంబు ఒకటుండేది. అమ్మ పెళ్లినాడు పుట్టింటి నుంచి వాళ్లమ్మ పెట్టింది. చిన్నప్పుడు ఆ చెంబు ఎత్తి తాగేటప్పుడల్లా దాని మెడ చుట్టూ ఉన్న చుక్కల మీద బొటనవేలు రాసేవాడిని. చుక్కలు కావవి, అక్షరాలు. పెట్టినవాళ్ల పేరు గిన్నె మీద కొట్టిస్తారు కదా. బడికి పోయిన కొత్తలో నేను కూడబలుక్కుని చదివిన మొదటి పేరే అది.

"ఎల్లవ్వ" అన్నాను. "ఎల్లవ్వ కూతురు రాజవ్వ."

నయీమ్ తల ఊపాడు. నాకు తెలియని భాషలో చదవడం మొదలుపెట్టాడు. చాలాసేపు చదివాడు. ఆ మాటల మధ్యలో ఉండి ఉండి ఎల్లవ్వ, రాజవ్వ అని మా ఊరి పేర్లు వినపడేవి. రాళ్ల కొండల నడుమ, ఆ దేశంలో, ఎవరికీ పట్టని ఇద్దరాడవాళ్ల పేర్లు. రొట్టె తుంచి, చేప పెట్టి, నాకిచ్చాడు, తాను తిన్నాడు. చివర కుడిచేయి చాచి నా కుడిచేయి గట్టిగా పట్టుకున్నాడు. వదిలి, తన చేతిని తాను ముద్దు పెట్టుకున్నాడు. నన్నూ అలాగే చేయమన్నాడు. చేశాను.

"ఇగ ఏడువచ్చా?" అని అడిగాను.

"ఆమె చేరింది. ఇక నీ ఇష్టం."

చూడండి, అప్పుడు ఏడుపు రాలేదు. ఆరు రోజులు ఆపి ఆపి చంపి, ఇప్పుడు ఏడువు అంటే ఎక్కడి నుంచి వస్తుంది? దానికీ కోపమే వచ్చింది. దానిమ్మకాయ మొత్తం నేనే తినేశాను.

తిరిగి వస్తుంటే యూసుఫ్ భాయ్ అడిగాడు, "ఉస్తా, మీ వాళ్లు కానోళ్లకు ఇది చేయొచ్చునా?"

"చేయకూడదు" అన్నాడు నయీమ్.

"మరి?"

"నన్ను అడుగుతారు. చెక్‌పోస్టులో. నేను చెప్పుకుంటాను."

ఒకరి గ్లాసు ముట్టుకోని మనిషి, కోడిని కూడా తానే కోసుకునే మనిషి, తన పైప్రయాణాన్ని మా అమ్మ కోసం ఇరుకున పెట్టుకున్నాడని నాకు అప్పుడు తెలిసింది. ఆఫీసులో మేనేజరు ముందు కూడా బండి తిప్పించింది తానేనని ఆయన ఒప్పుకున్నాడు. ఆయన లేకపోతే పంపులు నడవవు కాబట్టి, కేకలతో సరిపోయింది. మర్నాడు నేను వాషరు ఒకటి తప్పుచోట పెడితే మొత్తం మళ్లీ పరిపించాడు. దయ చూపించాడు కదా అని మెత్తబడతాడనుకోవడం నా బుద్ధితక్కువ.

డెబ్బైల చివర్లో ఆయన వెళ్లిపోయాడు. పూజారి చేతి మునక లేకుండా ఇంకా ఉండలేనన్నాడు. సీబ్ విమానాశ్రయం బయట పెట్టె దించి, నా చెవి దగ్గరికి వంగాడు. "మీ అమ్మ పేరు నా దగ్గరుంది. మా అమ్మ పేరు నీ దగ్గర ఉండాలి. నా అసలు పేరు బిహ్రామ్. సీమత్ కొడుకు. ఎవరికీ చెప్పకు." ఇప్పుడు చెప్పేశాను. కోప్పడితే పడనీ. ఆ తరువాత కొన్నాళ్లకే వాళ్ల నదుల పక్కన యుద్ధం మొదలైంది. యూసుఫ్ భాయ్ చేత అరబ్బీలో మూడు ఉత్తరాలు రాయించాను. రెండింటికి జవాబు లేదు, మూడోది తిరిగి వచ్చింది.

నేను ఊరికి వచ్చాక, తమ్ముడూ నేనూ పంచుకునేటప్పుడు ఎల్లవ్వ పేరున్న చెంబు ఒక్కటి అడిగి తీసుకున్నాను. అదే పట్టుకుని కాలువకు పోతాను. ముంచి, ఉత్తరం వైపు తిరిగి, బిహ్రామ్, సీమత్ కొడుకు అంటాను. ఉంటే నూరేళ్లకు దగ్గరైన మనిషి, ఉండడు. కానీ ఏ రోజు పోయాడో నాకు చెప్పినవాళ్లు లేరు. యుద్ధంలో పోయాడో, మంచం మీద పోయాడో, ఆ తెల్లబట్టలు వేళకు ఒంటి మీదికి వచ్చాయో లేదో. నేను మిగిల్చిన ఆ నీలం పోగును కావలి ఇంట్లో ఎవరైనా చూశారో, మా అమ్మ సంగతి ఎత్తారో. చెంబు ముంచేటప్పుడు ఏడుపు గొంతు దాకా వస్తుంది. మింగేస్తాను. నలభై ఐదు రోజుల లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, ఈ పొద్దు కూడా ఆయన దారిలోనే ఉన్నాడేమో. ఇన్నేళ్లయినా కడుపారా ఒక్కసారి ఏడవనివ్వలేదు, ఏం మనిషో.